ఒంగోల్లో ఏముంది టీచర్?

సంక్రాంతి సెలవుల్లో ఒక శనివారం మా చర్చి యవ్వనస్తుల్ని ఒంగోలు తీసుకెళ్ళాం. పిల్లలు ముప్పై ఒక్కమంది, వాళ్ళతో పెద్దవాళ్ళం ముగ్గురం. నేను, మా సంఘ పెద్ద ఒకాయన, సండే స్కూల్ చెప్పే ఇంకో అమ్మాయి. అయ్యగారు (మా పాస్టరు) కూడా రావాల్సింది గానీ ఆ రోజే ఒక పెళ్ళి చేయాల్సి వచ్చి ఆగిపోయారు.

మాది నరసరావుపేట దగ్గర పల్లె. అమెరికన్ బాప్టిస్టు మిషన్ కాలంలో పుట్టిన సంఘం. మా పిల్లల్లో చాలామంది నాలుగో తరం, ఐదో తరం క్రైస్తవులు. మొదటి తరం ఎవరు, ఎక్కడ, ఎందుకు ఈ దారి పట్టారు అని అడిగితే మాత్రం "దొరల కాలంలో" అంటారు. ఆ ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు. నాకది ఎప్పటినుంచో బాధ. అందుకే ఈసారి టూర్ ఎక్కడికి అని కమిటీలో మాట వచ్చినప్పుడు ఒంగోలు అన్నాను. పిల్లలు అరకు అడిగారు. "ఒంగోల్లో ఏముంది టీచర్?" అన్నారు. వచ్చి చూడండి అన్నాను.

తలకి ఆరు వందల యాభై పెట్టాం. తొమ్మిది మంది కట్టలేకపోయారు, స్త్రీల సమాజం వాళ్ళు ఆ లోటు భర్తీ చేశారు. అంతేకాదు, ముందు రాత్రి కూర్చుని ముప్పై ఆరు పులిహోర పొట్లాలు కట్టి ఇచ్చారు. నేను సర్దుకున్న సంచిలో వాంతుల మాత్రలు, పారాసెటమాల్, ప్యాడ్లు, తల్లిదండ్రుల సంతకాలున్న కాగితాలు, అందరి ఇంటి నంబర్లు రాసుకున్న నోటుబుక్కు. ఆడపిల్లల్ని ఇలా పంపడం మా ఊళ్ళో ఇంకా తేలిక్కాదు. డిగ్రీ ఫస్టియర్ చదివే ఒక పిల్ల వాళ్ళ నాన్న రాత్రి తొమ్మిదింటికి మా గుమ్మంలో నిలబడి, "ఎన్నింటికి దింపుతారు టీచరమ్మా?" అని మూడుసార్లు అడిగాడు. రెండు గంటలకొకసారి ఫోన్ చేస్తానని మాటిచ్చాను, చేశాను. ఆ తండ్రి భయాన్ని నేను తప్పుపట్టను. నాకూ ఇద్దరు కూతుళ్ళు.

తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి, చిలకలూరిపేట మీదుగా హైవే ఎక్కి, ఐదున్నరకి ఒంగోలు చేరాం. చీకటి విడవకముందే ప్రార్థన కొండ ఎక్కాలని నా పట్టు. ఫోన్ టార్చీల వెలుగులో ఒకరి వెనక ఒకరు ఎక్కారు. పైన చలిగాలి. కింద ఊరంతా లైట్లు.

అక్కడ నిలబడి చెప్పాను. 1854 జనవరి 1, తెల్లవారకముందు, ఈ కొండ మీదికి ఐదుగురు వచ్చారు. అమెరికన్ మిషనరీలు జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగువాళ్ళు. ఆ ముగ్గురిలో జూలియా అనే ఆవిడ ఒకరు. అంతకు ముందు ఏడాదే అమెరికాలో మిషన్ సభ వాళ్ళు, నెల్లూరు మిషన్‌ని మూసేద్దామా అని చర్చించుకున్నారు. ఎన్నో ఏళ్ళ పనికి వేళ్ళమీద లెక్కపెట్టే మందే వచ్చారు మరి. పటంలో తెలుగు దేశం మీద ఒకే ఒక్క చుక్క ఉందని దానికి 'ఒంటరి నక్షత్రం' అని పేరొచ్చింది. మూసేసే మాట ఇంకా చెవుల్లో ఉండగానే ఆ ఐదుగురూ ఈ రాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేశారు. తెల్లారాక జ్యూయెట్ కిందికి చూపించి, అదిగో ఆ నాగజెముడు పెరిగిన మెరక, అక్కడ మన మిషన్ బంగళా వస్తే ఎలా ఉంటుందని జూలియాని అడిగాడట. ఆ రోజు వస్తుందని కూడా తనే అన్నాడట.

పిల్లల్ని ఐదుగురు ఐదుగురుగా కూర్చుని ప్రార్థించుకోమన్నాను. ఆరు గుంపులు అయ్యాయి, ఒక కుర్రాడు మిగిలాడు. వాడు, పెద్దవాళ్ళం ముగ్గురం కలిసి నలుగురం. అప్పటికి మా బస్సు డ్రైవర్ కూడా ఆయాసపడుతూ పైకొచ్చాడు. ఆయన మా మతం కాదు. "నేను కూర్చోవచ్చా అమ్మా?" అని అడిగి, చెప్పులు పక్కన విడిచి, ఐదోమనిషిగా మా పక్కన కూర్చున్నాడు. మా సంఘ పెద్ద తన ప్రార్థనలో ఆయన బండి కోసం, ఆయన పిల్లల కోసం కూడా అడిగారు.

సూర్యుడొచ్చాక ఆ నాగజెముడు స్థలం ఎక్కడని పిల్లలు వెతికారు. ఎక్కడ చూసినా మేడలే. పెద్దాయన ఏబీఎం (అమెరికన్ బాప్టిస్టు మిషన్) కాంపౌండ్ చెట్ల వైపు వేలు చూపించారు.

టిఫిన్ అయ్యాక ఆ కాంపౌండ్‌కి, జ్యూయెట్ పేరు మీదున్న చర్చికి వెళ్ళాం. అక్కడ ఎక్కువసేపు లేం. అయితే ఒక సంగతి అక్కడే చెప్పాలనుకున్నాను. మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో. మొదట్లో పెద్ద కులాల పిల్లలు ఆయన బడికి వచ్చేవాళ్ళు, పెద్దలు మర్యాదగా ఉండేవాళ్ళు. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఆయన వచ్చి చేరాక, ఆయన వెనకే పల్లెల నుంచి తోలుపని చేసుకునే జనం రావడం మొదలైంది. వాళ్ళని చేర్చుకుంటే మా పిల్లలు రారని పెద్దలు తెగేసి చెప్పారు. క్లౌ ఆ రాత్రి బైబిలు తీస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం కనబడింది. లోకం లెక్కలో గొప్పవాళ్ళని కాదు, ఎన్నికలేనివాళ్ళని దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాటలు అవి. పక్క గదిలో ఆయన భార్య కూడా అదే పేజీ తెరిచి కూర్చుందని తర్వాత తెలిసింది. బడి ఖాళీ అయినా సరేనని ఆ జనాన్నే చేర్చుకున్నాడు. ఖాళీ అయింది కూడా. క్లౌ దొర పేరు మా ఇళ్ళలో అందరికీ తెలుసు. నేను మాత్రం పేరయ్యగారి పేరు ఆ గోడల మధ్య గట్టిగా రెండుసార్లు చెప్పాను. దొరకి దారి చూపించింది ఆయనే.

అక్కడినుంచి కొత్తపట్నం రోడ్డు పట్టాం. బస్సులో ఆ డిగ్రీ పిల్ల నా పక్క సీట్లోకి వచ్చి మెల్లగా అడిగింది. "టీచర్, కాలేజీలో ఒకబ్బాయి అన్నాడు, మీవాళ్ళు కరువులో బియ్యం కోసం మతం మారారంట కదా అని. నాకేం చెప్పాలో తెలీలేదు."

నాకు వెంటనే నోరు రాలేదు. ఈ మాట నేనూ పడ్డాను, ట్రైనింగ్ కాలేజీలో, ముప్పై ఏళ్ళ కిందట. సాయంత్రం ఏటి దగ్గర చెప్తానమ్మా, ముందు కాలువ చూద్దాం అన్నాను.

బకింగ్‌హాం కాలువ దగ్గర బస్సు ఆపించాను. ఇప్పుడు చూస్తే కదలని నీళ్ళు, నాచు, గట్ల మీద సర్కారు తుమ్మ. ఒకప్పుడు మద్రాసు దాకా ఉప్పు, ధాన్యం పడవల్లో పోయిన దారి ఇది. 1876 నుంచి 1878 దాకా వచ్చింది ధాత కరువు. మా నాయనమ్మ నోట ఆ మాట విన్నాను, ఆమె వాళ్ళ అమ్మమ్మ దగ్గర విన్నదట. జనానికి పని చూపించాలని ప్రభుత్వం కాలువలో ఈ భాగాన్ని తవ్వించింది. కాలువకి అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరే పెట్టారు. 1877లో ప్రభుత్వ కరువు పనుల్లో మగమనిషికి రోజు కూలి కట్టింది ఎంతనుకున్నారు? ఒక పౌను గింజలు, ఒక అణా. పౌను అంటే నాలుగు వందల యాభై గ్రాములు. మట్టి తవ్వే మనిషికి! క్లౌ మిషనరీ కాకముందు సర్వేయర్ పని చేసినవాడు. మూడున్నర మైళ్ళ ముక్క తనే కాంట్రాక్టు తీసుకుని, తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టి, ఆకలితో వచ్చిన జనంతో తవ్వించాడు.

పదిహేను నిమిషాలు చూసుకుని బస్సెక్కాం. నేను లోపల తలలు లెక్కపెట్టాను, ముప్పై ఒకటి వచ్చింది. బయల్దేరాం. రెండు కిలోమీటర్లు పోయాక వెనక సీట్లోంచి ఒకడు, "టీచర్, మావాడు లేడు" అన్నాడు. క్లీనర్ కుర్రాణ్ణి కూడా కలిపి లెక్కపెట్టేశాను. వాడిదీ అదే వయసు. ఆ రెండు కిలోమీటర్లు వెనక్కి తిరిగి వచ్చేలోపు నాకు కలిగిన టెన్షన్ మాటల్లో చెప్పలేను. పక్కనే నీళ్ళు. వాడి ఫోన్ ఎత్తడం లేదు. వాళ్ళమ్మ మిరపకోతలకి పోయి కూడబెట్టిన డబ్బులు నా చేతిలో పెట్టి, "వీడు కాస్త మెతక, చూసుకో అమ్మా" అన్న మాటే చెవుల్లో.

వాడు గట్టు వాలులో గొంతుక్కూచుని ఉన్నాడు. చేతిలో పుల్ల. మట్టి గీకి చూస్తున్నాడు. నేను ముందు వాణ్ణి రెక్క పట్టుకుని పైకి లాగాను. కోప్పడాలనుకున్నాను గానీ వాడి మొహం చూస్తే మాట రాలేదు.

"టీచర్, ఇది గట్టి నేల," అన్నాడు. "దీనికి గడ్డపార కావాలి. ఉత్త పారతో రాదు."

ఇంటర్ ఆపేసి నాన్నతో పాటు పనులకి పోతున్న కుర్రాడు వాడు. చర్చిలో నోరెత్తి పాట పాడగా నేను చూడలేదు. బస్సు దిగి అందరూ చుట్టూ చేరారు. ఆ గట్టు మీద వాడు చెప్పడం మొదలుపెట్టాడు. ఉపాధి పనిలో కొలత ఎలా ఉంటుందో, గుంత మధ్యలో తవ్వకుండా ఒక దిమ్మె ఎందుకు వదిలేస్తారో (ఎంత లోతు తీశారో కొలిచేవాళ్ళకి తెలియాలి కదా), గట్టి నేల వస్తే కొలత పడక కూలి ఎలా తగ్గుతుందో, తట్ట నెత్తికెత్తుకుని గట్టెక్కేటప్పుడు మడమలు ఎక్కడ ఆనించాలో. పుల్లతో నేల మీద గీసి చూపించాడు. అరచేతులు తిప్పి చూపించాడు. బొటనవేలి మొదట్లో కాయ కాసి పసుపు రంగులో గట్టిపడి ఉంది.

అప్పుడు మా పెద్దాయన అన్నారు, "ఒరే, దాన్ని మన ఊళ్ళో ఏమంటార్రా?"

"కరువు పని అంటారు తాతా."

నేను ఆ మాట రోజూ వింటాను. వేసవొస్తే మా వీధిలో ఆడవాళ్ళు పొద్దున్నే పారలు పట్టుకుని, "కరువు పనికి పోతన్నాం టీచరమ్మా" అని చెప్పే పోతారు. ఉపాధి హామీ చట్టం వచ్చింది 2005లో. జనం మాత్రం దాన్ని నూటయాభై ఏళ్ళ కిందటి పేరుతోనే పిలుస్తున్నారు. ఆ పేరు ఎక్కడ పుట్టిందో నాకా గట్టు మీదే తట్టింది. పిల్లలకి నేను చెప్పాలనుకున్నది, ఆ కుర్రాడు వాళ్ళకి చేతులతో చెప్పేశాడు.

ఆ తర్వాత కొత్తపట్నం బీచి. పులిహోర తిన్నారు, మోకాళ్ళ లోతు దాటి ఒక్కర్నీ పోనివ్వలేదు. గంటలో మూడుసార్లు లెక్కపెట్టాం, ఈసారి పేర్లు పిలిచి. రామాయపట్నంలో బోధకుల్ని తయారుచేసిన పాత సెమినరీ చూపించాలని ఉండింది గానీ పొద్దు చాలలేదు.

నాలుగింటికి వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున దిగాం. ఏట్లో పాయగా నీళ్ళు, మిగతా అంతా ఇసుక, రెల్లు. హైవే మీద లారీల మోత. చూడటానికి అక్కడ కట్టడం ఏమీ లేకపోయినా, మా జనానికి ఇంతకన్నా పెద్ద చోటు ఇంకొకటి లేదని నా నమ్మకం.

1878 జూలై 3న ఈ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు నీళ్ళలో నిలబడి, అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగుతూ. పొద్దున్నే మొదలుపెట్టి, ఎండ వేళ ఆపి, మధ్యాహ్నం మళ్ళీ మొదలుపెట్టి సాయంత్రానికి ముగించారు. అంతమందికి ఒక్కరోజులో ఎలా కుదురుతుందని పాలిటెక్నిక్ చదివే ఒకడికి అనుమానం. నేను లెక్కల టీచర్ని, చేసి చూడరా అన్నాను. ఒక్కసారి ఇద్దరు బోధకులు కాబట్టి ఒక్కో వైపు 1,111 మంది. ఎనిమిదిన్నర గంటలు అనుకుంటే 510 నిమిషాలు. మనిషికి ఇరవై ఏడున్నర సెకన్లు. మా పెద్దాయన మా చర్చిలో బాప్తిస్మపు తొట్టి దగ్గర అయ్యగారికి సాయం నిలబడే మనిషి. ఆయన కళ్ళు మూసుకుని బాప్తిస్మపు మాటలు నిదానంగా చెప్పారు, వాడు ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టాడు. మాటలకి పద్నాలుగు సెకన్లు. ముంచి లేపడానికి, పక్కకి నడవడానికి ఇంకో పది. "సరిపోతుంది టీచర్," అన్నాడు. గొంతు మారింది వాడికి.

అప్పుడు ఆ డిగ్రీ పిల్ల ప్రశ్న అందరి ముందూ పెట్టాను, ఎవరడిగారో చెప్పకుండా. జవాబు కూడా చెప్పాను. కరువు రోజుల్లో, దాదాపు పదిహేను నెలలు, క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. జనం అడిగినా ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని ఆయన పట్టుదల. 1878లో సాయం పనులు ముగిశాక, ఇంక నా దగ్గర మీకివ్వడానికి ఏమీ లేదు అని చెప్పి పంపాడు. అప్పుడొచ్చారు వీళ్ళు. జూన్ మధ్య నుంచి జూలై చివరికి 9,606 మంది. చేతిలో గింజ పెట్టని రోజు వచ్చారు.

"ఇది మీ కాలేజీ అబ్బాయికి చెప్పొచ్చు," అన్నాను. "ఇంకోటి కూడా చెప్పాలి. ఒకవేళ అన్నం పెట్టిన చేతిని నమ్మే వచ్చారనుకో, అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? ఊరి బావిలో నీళ్ళు తోడనివ్వని రోజులవి. చనిపోతుంటే పక్కన కూర్చున్నవాణ్ణి నమ్మకపోతే ఎవర్ని నమ్ముతారు?"

ఆ పిల్ల ఏమీ అనలేదు. కాసేపటికి ఇసకలో పక్కకి నడిచి వాళ్ళ నాయనమ్మకి ఫోన్ చేసింది. "నాయనమ్మా, మన ఇంట్లో ఫస్టు బాప్తిస్మం తీసుకుంది ఎవరే?" ముసలావిడకి సరిగ్గా వినబడక రెండుసార్లు అడిగించుకుంది. స్పీకర్లో పెట్టింది, మేమంతా విన్నాం. వాళ్ళ తాత తల్లి అట. ఆ ముసలావిడ పేరు చెప్పింది, మళ్ళీ తనే, "ఆ పేరు దొర పెట్టింది, అసలు పేరు వేరే" అని అదీ చెప్పింది. పిల్ల దగ్గర కాగితం లేదు. నా నోటుబుక్కు ఇచ్చాను. ఇంటి నంబర్ల వెనక పేజీలో రెండు పేర్లూ రాసింది.

ఇంక అందరూ ఫోన్లు తీశారు. తిరుగు దారి పొడుగునా బస్సులో అదే. అమ్మమ్మలకి, పెదనాన్నలకి, మేనత్తలకి. కొందరికి తాత పేరుతోనే ఆగిపోయింది. ఒకడికి వాళ్ళ మేనత్త, ఇప్పుడు ఫోన్ పెట్టెయ్యి, సీరియల్ వస్తోంది అంది. కాలువ దగ్గర తప్పిపోయిన కుర్రాడికి వాళ్ళ నాన్న తనకేమీ తెలియదన్నాడు. వాడు ఫోన్ జేబులో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

తొమ్మిదిన్నరకి చర్చి దగ్గర దింపాను. పేరు పేరునా పిలిచి, ఎవరి పిల్లల్ని వాళ్ళకి అప్పగించాను. పదకొండింటికి పడుకోబోతుంటే ఫోన్ మోగింది. ఆ కాలువ దగ్గరి కుర్రాడి నాన్నే.

"టీచరమ్మా, నిద్ర లేపానా? మావాడు అడిగాడు గదా, మా అమ్మని లేపి అడిగా. గుర్తొచ్చిందంట. మీ బుక్కులో రాసుకుంటారంట గదా, రాసుకోండి."

లేచి లైటేసి, పెన్ను వెతుక్కున్నాను.